పద్నాలుగేళ్లప్పటి ఒట్టు

మీరు తొమ్మిదో తరగతి చదివేటప్పుడు పక్కన కూర్చున్న అమ్మాయి గుర్తుందా? ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క సగం కొరికి, మిగతా సగం మీ చేతిలో పెట్టిన పిల్ల! రేడియోలో కొత్త పాట వస్తే చాలు, ఆదరాబాదరాగా నోటుపుస్తకం వెనక పేజీలో రాసేసుకునేవాళ్లు. మీకు అందని మాటలు ఆమె దగ్గర, ఆమెకి అందనివి మీ దగ్గర. రెండూ కలిపితే పాట పూర్తయ్యేది. "మనిద్దరం ఎప్పటికీ ఇలాగే ఉండాలే" అని చేతిలో చెయ్యేసి ఒట్టు కూడా పెట్టుకునే ఉంటారు.

ఇప్పుడామె ఎక్కడుంది?

పెళ్లయ్యాక మీరో ఊరు, ఆమె ఓ ఊరు. మొదట్లో నెలకో ఉత్తరం. ఆ తర్వాత సంక్రాంతికో గ్రీటింగు కార్డు. ఇంకొన్నాళ్లకి ఎవరి పెళ్లిలోనో ఎదురుపడి "ఏమిటే ఇలా చిక్కిపోయావు?" అంటే "నువ్వు మాత్రం లావయ్యావు" అనుకోవడం, ఈలోగా పిల్లాడు ఏడవడం, ఆయన బస్సు టైమైందని పిలవడం... అంతే!

సరిగ్గా అదే వయసులో, అంటే పద్నాలుగేళ్లప్పుడు, కెనడాలోని టొరంటో నగరంలో ఇద్దరు కుర్రాళ్లు అలాంటి ఒట్టే వేసుకున్నారు. ఎప్పటికీ కలిసే పాడాలి, కలిసే వాయించాలి అని. విచిత్రం ఏమిటంటే ఆ మాట మీద నిలబడ్డారు. జుట్టు పల్చబడింది, పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, చేతిలో డబ్బు ఆడలేదు. అయినా వాళ్ల ఒట్టు గట్టు మీద పెట్టలేదు.

వాళ్లిద్దరినీ కలిపింది హెవీ మెటల్ సంగీతం. ఆ పేరు వినగానే మొహం చిట్లించి పేజీ తిప్పేయకండి. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో గది తలుపేసుకుని ఇవే పాటలు పెట్టేవాడు. వంటింట్లో గిన్నెల స్టాండు మొత్తం ఒక్కసారిగా కిందపడ్డట్టుండేది నాకు. "ఆ దిక్కుమాలిన మోత ఆపరా" అని అరవని రోజు లేదు. వాడు ఉద్యోగానికి వెళ్లిపోయాక ఓసారి సెలవులకొచ్చి, నన్ను కూర్చోబెట్టి ఒక సినిమా చూపించాడు. ఆ సినిమాలోవే ఈ కబుర్లన్నీ. అది చూశాక ఆ పాటలు నాకు నచ్చేశాయని అబద్ధం చెప్పను గానీ, ఆ మోత వెనక మనుషులున్నారని మాత్రం తెలిసొచ్చింది.

గిన్నెలు తోమే సబ్బు సీసా

ముందు అసలీ హెవీ మెటల్ అంటే ఏమిటో రెండు మాటలు చెప్పుకుందాం. అన్నట్టు ఇందులో ఒక అమ్మ ఉంది, మన వంటింటి సింకు దగ్గరి వస్తువూ ఒకటుంది!

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊరు ఫ్యాక్టరీలకు పెట్టింది పేరు. అక్కడ టోనీ ఐయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది 1965వ సంవత్సరం. అతనికి పదిహేడేళ్లు. గిటారు వాయించే పని దొరికిందని ఫ్యాక్టరీ మానేయాలనుకున్నాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇంక వెళ్లనన్నాడు. తల్లి ఊరుకుంటుందా? పని సగంలో వదిలేయకూడదు, వెళ్లి పూర్తి చేసి రమ్మంది. మనమైనా అదే చెబుతాం కదా! వెళ్లాడు. ఆ పూట రాని పనివాడి మిషను మీద పనిచేస్తుండగా కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి గిటారు తీగలు నొక్కేది కుడిచేత్తోనే.

ఆ తల్లి మనసెలా ఉండి ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంక వాయించలేనని దిగులుపడుతున్న కుర్రాడి దగ్గరికి ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు పట్టుకొచ్చాడు. నిప్పు ప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గొప్పగా గిటారు వాయించిన జాంగో రైనార్ట్ రికార్డు అది. కుర్రాడికి పట్టుదల వచ్చింది. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఖాళీ ప్లాస్టిక్ సీసాని కరిగించి, వేలి కొసలకి తొడుగుల్లా అచ్చు పోసుకున్నాడు. జారకుండా పైన తోలుముక్క అంటించాడు. వేళ్లు నొప్పి పుట్టకుండా సన్నతీగలు వేశాడు. తర్వాత్తర్వాత శ్రుతి దించి తీగలు వదులు చేశాడు. అలా వదులైన తీగల్లోంచి వచ్చింది మందంగా, బరువుగా, గుండెల మీద రాయి పెట్టినట్టుండే శబ్దం. అతనూ, అతని చుట్టుపక్కల వీధుల్లో పెరిగిన మరో ముగ్గురూ కలిసి పెట్టిన బృందం పేరు బ్లాక్ సబ్బాత్. 1970లో వాళ్ల మొదటి రికార్డు వచ్చింది. హెవీ మెటల్ అక్కడే పుట్టిందని చాలామంది అంటారు.

ఆ మోత అట్లాంటిక్ సముద్రం దాటి టొరంటోకీ చేరింది.

దాగలి

ఆ ఇద్దరి పేర్లు స్టీవ్ కుడ్లో, రాబ్ రైనర్. స్టీవ్‌ని అందరూ 'లిప్స్' అనే పిలుస్తారు. అతను గిటారు వాయిస్తూ పాడతాడు. రాబ్ డ్రమ్స్ వాయిస్తాడు. ఇద్దరివీ యూదుల కుటుంబాలు. రాబ్ తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ మనుషులు నడిపిన ఆష్‌విట్జ్ మరణశిబిరంలో పడి, ప్రాణాలతో బయటపడ్డ మనిషి. అంతటి నరకం చూసినాయన, కొడుకు చదువు వదిలి డ్రమ్స్ అంటే మండిపడతాడనుకుంటాం. ఆయన మాత్రం కొడుకుని వెనకేసుకొచ్చాడట. బతికి ఉండటమే పెద్ద వరమైన వాళ్లకి, పిల్లలు ఇష్టమైన పని చేసుకోవడం తప్పుగా కనిపించదేమో!

1978లో ఇద్దరూ కలిసి బృందం పెట్టారు. 1981కల్లా దాని పేరు 'ఆన్విల్' అయింది. కమ్మరి కొలిమి దగ్గర ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సమ్మెటతో కొట్టే దిమ్మ ఉంటుంది చూశారూ, మనం దాగలి అంటామే, అదన్నమాట. పేరు ఏ ముహూర్తాన పెట్టుకున్నారో గానీ, ఆ తర్వాత పాతికేళ్లూ దెబ్బలు తినడమే సరిపోయింది పాపం!

మొదట్లో బాగానే ఉంది. 1982లో వచ్చిన 'మెటల్ ఆన్ మెటల్' అనే ఆల్బమ్‌ను ఆ సంగీతం తెలిసినవాళ్లు ఆకాశానికెత్తారు. తర్వాత కోట్లు గడించిన మెటాలికా బృందం డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ లాంటి వాళ్లు కూడా కుర్రతనంలో వీళ్లని చూసి నేర్చుకున్నవాళ్లే. 1984లో జపాన్‌లో పెద్ద సంగీతోత్సవం జరిగితే బాన్ జోవీ, స్కార్పియన్స్, వైట్‌స్నేక్ లాంటి బృందాలతో పాటు వీళ్లూ వేదికెక్కారు. మిగతావాళ్ల రికార్డులు లక్షలకు లక్షలు అమ్ముడుపోయాయి. ఆన్విల్ మాత్రం టొరంటోకి తిరిగొచ్చి అక్కడే ఉండిపోయింది.

ఎందుకలా? సరైన మేనేజరు దొరకలేదంటారు, పెద్ద కంపెనీ చెయ్యి పట్టుకోలేదంటారు, రికార్డింగ్ సరిగ్గా కుదర్లేదంటారు. ఏ కారణమూ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఒకే పాళ్లలో పప్పు నానబెట్టి, ఒకే రోట్లో రుబ్బినా ఒకరి గారెలు పొంగుతాయి, ఇంకొకరివి పొంగవు. ఎందుకంటే ఏం చెబుతాం?

బడి భోజనాల బండి

రికార్డులు అమ్ముడుపోకపోయినా ఇల్లు గడవాలి కదా! లిప్స్ బడిపిల్లలకు భోజనాలు సరఫరా చేసే సంస్థలో చేరాడు. తెల్లారకుండా లేచి, మోకాలి లోతు మంచులో బండి నడుపుకుంటూ, భోజనాల ట్రేలు ఒక్కో బడి దగ్గరా దింపి రావడం అతని పని. ఒకప్పుడు జపాన్‌లో వేలమంది ముందు పాడిన మనిషి! రాబ్ కట్టడాల దగ్గర కూలిపనికి వెళ్లేవాడు. పాత గోడలు పగలగొట్టడం, కొత్తవి లేపడం. ఖాళీ దొరికితే బొమ్మలు గీసుకునేవాడు. మంచి చెయ్యి.

సాయంత్రమైతే మాత్రం ఇద్దరూ కలిసేవాళ్లు. వాయించేవాళ్లు. రెండు మూడేళ్లకోసారి ఎలాగో డబ్బు కూడబెట్టి ఒక ఆల్బమ్ చేసేవాళ్లు. ఎవరూ కొనేవాళ్లు కాదు. మళ్లీ మరొకటి చేసేవాళ్లు. అలా పన్నెండు ఆల్బములు!

ఇక్కడే ఇంకో స్నేహితుడు రంగంలోకి వస్తాడు. 1982లో ఆన్విల్ లండన్ వెళ్లి పాడినప్పుడు సాషా గెర్వాసీ అనే బడిపిల్లాడు వాళ్లకి వీరాభిమాని అయిపోయాడు. తర్వాత వేసవి సెలవుల్లో వాళ్ల వెంట తిరుగుతూ సామాన్లు మోసే పని చేశాడు. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆ పిల్లాడు పెద్దయి హాలీవుడ్‌లో రచయిత అయ్యాడు. విమానాశ్రయంలో చిక్కుకుపోయిన ప్రయాణికుడి కథతో 2004లో స్పీల్‌బర్గ్ తీసిన 'ది టెర్మినల్' సినిమాకి రాసినవాళ్లలో ఇతనూ ఒకడు. ఇరవయ్యేళ్ల తర్వాత ఒకరోజు ఆన్విల్ గుర్తొచ్చి వాకబు చేస్తే, ఇంకా వాయిస్తూనే ఉన్నారని తెలిసి ఆశ్చర్యపోయాడు. కెమెరా పట్టుకుని వాళ్ల వెంట పడ్డాడు. అలా తయారైందే 2008లో వచ్చిన 'ఆన్విల్! ది స్టోరీ ఆఫ్ ఆన్విల్' అనే డాక్యుమెంటరీ.

పదివేలమందికి నూటడెబ్భై నలుగురు

సినిమాలో మొదట మనకి నవ్వొస్తుంది. తర్వాత ఆ నవ్వినందుకు సిగ్గేస్తుంది.

ఎవరో అభిమాని ఐరోపా దేశాల్లో ఐదు వారాల పర్యటన ఏర్పాటు చేసిందంటే ఇద్దరూ ఉద్యోగాలకి సెలవు పెట్టి ఎగిరి గంతేసి వెళ్లారు. రైళ్లు తప్పిపోయాయి. స్టేషన్లలో నేలమీద పడుకున్నారు. ఒక ఊళ్లో దారి తెలియక ఆలస్యమైందని ఆ ప్రదర్శనకి డబ్బివ్వనని క్లబ్బు యజమాని మొండికేశాడు. అన్నిటికన్నా ఘోరం రుమేనియాలో. పదివేలమంది పట్టే ప్రాంగణం. వచ్చింది 174 మంది. మన భాషలో చెప్పాలంటే వెయ్యి విస్తళ్లు వేస్తే పదిహేడుమంది వచ్చిన పెళ్లి! అయినా ఆ నూటడెబ్భై నలుగురి ముందూ ఒళ్లు దాచుకోకుండా వాయించారు.

ఇంటికొచ్చాక చూసుకుంటే చేతిలో చిల్లిగవ్వ లేదు. మళ్లీ భోజనాల బండి, మళ్లీ కూలిపని.

అప్పుడు లిప్స్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. పదమూడో ఆల్బమ్ చేయాలి. అది కూడా 1982లో తమకి మంచి పేరు తెచ్చిన పాత ప్రొడ్యూసర్ క్రిస్ సంగరిడెస్ దగ్గరే, ఇంగ్లండు వెళ్లి మరీ చేయాలి. వేల పౌండ్ల ఖర్చు. ఎక్కడినుంచి వస్తాయి? ఫోన్లు చేసి నల్లకళ్లద్దాలు అమ్మే ఉద్యోగంలో చేరాడు. అవతలి మనిషి వద్దంటే సరేనని ఫోన్ పెట్టేసే రకం అతను. బలవంతం చేసి అంటగట్టడం చేతకాదు. ఆ ఉద్యోగం మూణ్ణాళ్ల ముచ్చటైంది.

చివరికి ఆదుకున్నది ఎవరనుకున్నారు? అక్కచెల్లెలే! తోబుట్టువు మీద నమ్మకంతో ఆమె డబ్బు సర్దింది. ఆ ఘట్టం చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. యాభై ఏళ్ల మగవాడు, ఇంటికి పెద్ద, తోడబుట్టినదాని దగ్గర పాటల కోసం అప్పు తీసుకోవడం అంటే మాటలా? మన ఇళ్లల్లో జరిగితే ఎన్ని మాటలొస్తాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పోనీ అక్కడికి వెళ్లాకయినా సుఖపడ్డారా అంటే, ఇంగ్లండులో డోవర్ అనే ఊళ్లో రికార్డింగ్ చేస్తూ ఇద్దరూ కుక్కాపిల్లీలా కొట్లాడుకున్నారు. లిప్స్‌ది తొందర స్వభావం, నోటికొచ్చినట్టు అరిచేస్తాడు. రాబ్ లోలోపల ఉడికిపోయే రకం. ఇంక నావల్ల కాదు, వెళ్లిపోతానన్నాడు. కెమెరా ముందే! ఆ తర్వాత లిప్స్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీమీద కాకపోతే ఇంకెవరి మీద చూపించుకోను నా కోపం, అన్న ధోరణిలో. రాబ్ కరిగిపోయాడు. కౌగిలించుకున్నారు.

మొగుడూ పెళ్లాల గొడవలా ఉందే అనిపించింది నాకు. ఆలోచిస్తే అంతే మరి! ఇద్దరూ తమ తమ భార్యలను చూడకముందు నుంచీ ఒకరినొకరు చూస్తున్నవాళ్లు.

ఇంటి దగ్గర మిగిలినవాళ్లు

ఆ భార్యలు కూడా సినిమాలో కనిపిస్తారు, మాట్లాడతారు. సినిమా చూసిన మగవాళ్లంతా స్నేహం గురించి గొప్పగా చెబుతారు. మా అబ్బాయీ అంతే. నా కళ్లు మాత్రం మాటిమాటికీ ఆ ఇళ్లలోని ఆడవాళ్ల మీదికే పోయాయి.

ఐదు వారాలు మొగుడు ఊళ్లు పట్టుకు తిరిగొచ్చి, జేబు ఖాళీగా ఇంటికొస్తే ఆ నెల అద్దె ఎవరు కట్టారు? పిల్లాడికి జ్వరమొస్తే ఎవరు లేచారు? పాతికేళ్లుగా 'ఈసారి తప్పకుండా పేరొస్తుంది' అనే మాట విని విని కూడా, వెళ్లొద్దనకుండా ఎలా ఉన్నారు? వాళ్ల మొహాల్లో ప్రేమా ఉంది, అలసటా ఉంది. ఆ రెండూ పక్కపక్కనే ఎలా ఉంటాయో పెళ్లయిన ఆడదానికి ఒకరు చెప్పాలా?

అందుకే నాకొకటి అనిపించింది, మీరు కాదన్నా సరే. మగవాళ్ల చిన్ననాటి స్నేహం యాభై ఏళ్లు నిలబడిందంటే అది వాళ్లిద్దరి గొప్పతనమే కాదు. సాయంత్రం ఆరింటికి 'అలా వెళ్లొస్తా' అని చెప్పులేసుకుని బయటికెళ్లే వీలు వాళ్లకి ఇంటివాళ్లు ఇచ్చారు. అదే వీలు మనకి ఉంటే? వారానికో సాయంత్రం, రెండంటే రెండు గంటలు, ఆ నోటుపుస్తకం పిల్లతో కూర్చుని పాడుకునే వీలు? అడిగితే ఆయన వద్దనేవారో లేదో! అసలు మనం అడిగామా అని కూడా అనుకున్నాను.

ఈ వ్యాసం సగంలో ఉండగా లేచివెళ్లి నా స్నేహితురాలి ఫోన్ నంబరు కోసం వెతికాను. ముగ్గురిని అడిగితే దొరికింది. పదకొండేళ్ల తర్వాత మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడాలో తెలియక మొదటి పది నిమిషాలూ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకున్నాం. తర్వాత అదే అడిగింది, "ఆ పాటల పుస్తకం ఎవరి దగ్గరుందే?" అని. నా దగ్గర లేదు. దాని దగ్గరా లేదట!

సరే, ఆన్విల్ దగ్గరికొద్దాం. పదమూడో ఆల్బమ్‌ను పెద్ద కంపెనీలేవీ తీసుకోలేదు. సొంతంగా అచ్చు వేయించి అమ్ముకున్నారు. ఈలోగా 2006లో జపాన్ నుంచి పిలుపొచ్చింది, పెద్ద సంగీతోత్సవంలో పాడమని. 1984 తర్వాత మళ్లీ ఇరవై రెండేళ్లకి అదే దేశం! సంబరపడి వెళితే, వీళ్లకిచ్చిన సమయం పొద్దున్న పదకొండున్నర దాటాక. మనింట్లో కుక్కరు దింపే వేళ. హెవీ మెటల్ వినేవాళ్లు అప్పటికింకా నిద్రే లేవరేమో! మళ్లీ ఖాళీ కుర్చీలకే పాడాలేమోనని ఇద్దరి గుండెల్లోనూ రాయి పడింది. నడవలోంచి వేదిక మీదికి నడుస్తుంటే చూస్తున్న మనకే కాళ్లు వణుకుతాయి.

హాలు నిండా జనం!

అంతకన్నా ఏమీ చెప్పను, చూసేవాళ్లకి రుచి పోతుంది. సినిమా వచ్చాక పేరొచ్చింది, అవార్డులొచ్చాయి, 2009లో ఏసీడీసీ లాంటి మహామహుల ప్రదర్శనలకు ముందు పాడే అవకాశమూ వచ్చింది. కోటీశ్వరులేం కాలేదు. ఆల్బములు మాత్రం ఆపలేదు. 2024లో కూడా ఒకటి విడుదల చేశారు. అప్పటికి లిప్స్‌కి అరవై ఎనిమిదేళ్లు. సినిమా నిడివి గంటన్నర లోపే గానీ, ఇద్దరూ మాటకు ముందో బూతు, మాట తర్వాతో బూతు వాడతారు. పక్కన అత్తగారు లేనప్పుడు చూడండి.

పక్కింటి అమ్మాయిలు

"మగవాళ్ల కథ చెప్పి మమ్మల్ని ఊరిస్తున్నారా?" అంటారేమో. ఆడపిల్లల కథా ఉంది. ఇదీ మా అబ్బాయి చెప్పిందే. సినిమా అయ్యాక నా సణుగుడు విని వెతికిపెట్టాడు.

లండన్ దక్షిణ భాగంలో వాండ్స్‌వర్త్ అనే పేట. అక్కడ కిమ్ మెకాలిఫ్, ఈనిడ్ విలియమ్స్ అని ఇద్దరమ్మాయిలు. ఇరుగుపొరుగు ఇళ్లు, చదివిందీ కలిసే. 1975లో ఇద్దరూ ఓ బృందం పెట్టారు. అందరూ ఆడపిల్లలే ఎందుకంటే, వాళ్లతో కలిసి వాయించడానికి ఒక్క మగపిల్లాడూ ముందుకు రాలేదట! 1978లో గిటారు వాయించే కెల్లీ జాన్సన్, డ్రమ్స్ వాయించే డెనీస్ డఫోర్ట్ తోడయ్యారు. బృందం పేరు 'గర్ల్‌స్కూల్' అని మార్చుకున్నారు.

అప్పట్లో మగరాయుళ్ల సంగీతంగా చలామణీ అవుతున్న హెవీ మెటల్‌లో నలుగురు ఆడపిల్లలు! నవ్వినవాళ్లు నవ్వారు. మోటర్‌హెడ్ అనే పెద్ద బృందం నాయకుడు లెమ్మీ మాత్రం వాళ్ల పాట విని, వెళ్లి చూసి, 1979లో తమ పర్యటనకి వెంట తీసుకెళ్లాడు. 1981లో రెండు బృందాలూ కలిసి ఒక రికార్డు చేశాయి. మోటర్‌హెడ్ డ్రమ్మర్ మెడకి దెబ్బ తగిలి వాయించలేని స్థితిలో ఉంటే, అతని బదులు కూడా డెనీసే వాయించింది. ఆ రికార్డు బ్రిటన్ పట్టికలో అయిదో స్థానానికి వెళ్లింది. అదే ఏడు వాళ్ల సొంత ఆల్బమ్ 'హిట్ అండ్ రన్' కూడా అయిదో స్థానానికే వెళ్లింది.

ఆ తర్వాత మామూలే. 1982లో ఈనిడ్ వెళ్లిపోయింది. 1984లో ఆ తిరుగుళ్లతో విసిగిపోయి కెల్లీ అమెరికా వెళ్లిపోయింది. కొత్తవాళ్లొచ్చారు, పోయారు. పట్టికల్లో పేరు లేకుండా పోయింది. కిమ్ మాత్రం కదల్లేదు. పొయ్యి ఆరిపోకుండా ఎవరో ఒకరు కాచుకుని ఉంటే, వెళ్లినవాళ్లు ఎప్పటికైనా చలి కాచుకోవడానికి వస్తారు. కెల్లీ 1990లలో తిరిగొచ్చి మళ్లీ వాళ్లతో వాయించింది. ఈనిడ్ 2000లో తిరిగొచ్చింది. పద్దెనిమిదేళ్ల తర్వాతండీ! నా పదకొండేళ్లు చాలా చిన్నవిగా కనిపించాయి అది విని.

కెల్లీ మాత్రం ఎక్కువకాలం నిలవలేకపోయింది. వెన్నెముకకి క్యాన్సర్ అన్నారు. ఏళ్ల తరబడి వైద్యం జరిగింది. గిటారు పట్టలేని రోజుల్లో ఆమె స్థానంలోకి జాకీ చేంబర్స్ వచ్చింది. ఆమె కెల్లీకి పరాయిదేం కాదు, స్నేహితురాలే. 2007 జులై 15న కెల్లీ కన్నుమూసింది. అప్పటికి నలభై తొమ్మిదేళ్లు.

మరుసటి ఏడు బృందానికి ముప్ఫై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా చేసిన ఆల్బమ్‌ను కెల్లీ జ్ఞాపకానికి అంకితమిచ్చారు. పేరు 'లెగసీ'. అంటే మన పెద్దవాళ్లు మనకి వదిలి వెళ్లేది. ఆ ఆల్బమ్‌లో వాయించడానికి పాత స్నేహితులంతా వచ్చారు. మోటర్‌హెడ్ లెమ్మీ వచ్చాడు. ఇంకొకరు కూడా వచ్చారు, ఎవరో చెప్పుకోండి? సబ్బు సీసా తొడుగులు చేసుకున్న బర్మింగ్‌హామ్ టోనీ ఐయోమీ!

2023లో గర్ల్‌స్కూల్ మరో ఆల్బమ్ తెచ్చింది, నలభై ఐదేళ్ల గుర్తుగా. అందులోనూ గిటారు కిమ్‌దే, డ్రమ్స్ డెనీస్‌వే. మా అబ్బాయి ఫోన్‌లో ఒక పాట పెట్టి వినిపించాడు. చెవులు గింగుర్లెత్తాయి. "సౌండు తగ్గించనా?" అన్నాడు.

ఉండనీలే అన్నాను.